నాలుగు బోర్డులు కొనివ్వాలా, ఏఐ కోర్సులో చేర్చాలా?

ప్రశ్న: మాది కోవూరు, వ్యవసాయ కుటుంబం. మా అబ్బాయి నెల్లూరులో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నాడు. నాలుగు రాస్ప్‌బెర్రీ పై బోర్డులు (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు), వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్, కేబుళ్లు ఆర్డరు పెట్టి ఇంట్లోనే కంప్యూటర్ క్లస్టర్ (ఒకే పనిని పంచుకుని చేసే కంప్యూటర్ల గుంపు) తయారు చేస్తానని 40 వేలు అడుగుతున్నాడు. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి హైదరాబాదులో మూడు నెలల ఏఐ కోర్సులో చేర్చమని బంధువులు అంటున్నారు. ఏది మంచిది?

జవాబు: మీరు రెండు ఖర్చులను పోల్చమన్నారు గానీ, పంట మీద వచ్చిన డబ్బు ఆటవస్తువుల పాలవుతుందేమో, పిల్లవాడు ఉద్యోగానికి దూరమవుతాడేమో అన్నదే మీ అసలు దిగులు. ముందుగా ఆ దిగులు తగ్గించుకోండి. 1994లో అమెరికాలోని నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ బజారులో దొరికే 16 మామూలు 486 ప్రాసెసర్లను ఈథర్‌నెట్ అనే నెట్‌వర్క్‌తో కలిపి బేవుల్ఫ్ అనే క్లస్టర్‌ను నిర్మించారు. మీ అబ్బాయి చేయాలనుకుంటున్నది ఆ వరుసలోని పనే. ప్రపంచంలోని మొదటి 500 సూపర్‌కంప్యూటర్లన్నీ 2017 చివరి నుంచి లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీదే నడుస్తున్నాయి. ఆ బోర్డుల మీద అతడు నేర్చుకునేదీ లినక్సే.

అయితే నాలుగు బోర్డులు కలిస్తే పెద్ద యంత్రం అవుతుందన్న ఆశ అతడికి ఉంటే, దాన్ని ఇప్పుడే సరిదిద్దాలి. కూలీలు ఎక్కువైతే నాట్లు త్వరగా పడతాయి గానీ, నారుమడిలో నారు ఎదిగే రోజులు తగ్గవు. పనిలో పదో వంతు అలా విడదీయరానిదైతే, ఎన్ని బోర్డులు చేర్చినా వేగం పది రెట్లు దాటదని 1967లో కంప్యూటర్ నిపుణుడు జీన్ ఆమ్డాల్ చేసిన వాదన నుంచి తేలుతుంది. ఏఐ మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికైతే ఈ నాలుగు బోర్డులకన్నా ఒక్క మంచి గ్రాఫిక్స్ కార్డే ఎంతో మేలు. క్లస్టర్ వల్ల దక్కేది వేరు: ఒక యంత్రం ఆగిపోతే మిగతావి ఏం చేయాలి, అన్నిటికీ ఒకే ఫైలు ఎలా అందాలి, తప్పు ప్రోగ్రాములో ఉందా, కేబులులో ఉందా అన్నవి చేత్తో చేసి తెలుసుకోవడం.

ఇక ఏఐ కోర్సు సంగతి. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది. మూడు నెలల్లో నేర్పి ఉద్యోగం ఇప్పిస్తామనే ప్రకటనల మీదే నమ్మకం లేదు. లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత గట్టిగా రాని విద్యార్థి చేత ఎవరో రాసిన కోడ్‌ను నడిపించి, సర్టిఫికెట్ చేతికిస్తే, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే అది తేలిపోతుంది. నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నవారిని, ఉద్యోగం రాకపోతే ఫీజు తిరిగి ఇస్తామని కాగితం మీద రాసివ్వమని అడగండి, వాళ్లేమంటారో వినండి. పెద్ద మోడళ్లకు శిక్షణ ఇచ్చేది వేల గ్రాఫిక్స్ ప్రాసెసర్లున్న క్లస్టర్ల మీదే కాబట్టి, వాటిని నడపగల మనుషుల అవసరం కూడా ఆ రంగానికి ఉంది. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ ఇలాంటి వ్యవస్థల నిర్వహణలోనే పీజీ డిప్లొమా నడుపుతోంది. డిగ్రీ అయ్యాక అతడికి అదీ ఒక దారి.

ఒక మాట కఠినంగానే చెప్పాలి. బంధువులు ఏమంటున్నారో రాశారు. ఆ క్లస్టర్ మీద ఏం నడపాలనుకుంటున్నావని కొడుకును అడిగినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు. పంతొమ్మిదేళ్ల పిల్లవాడు సినిమాలకో బైకుకో కాక పనిముట్లకు డబ్బు అడిగితే అనుమానించడం, తెలియని కోర్సువాళ్ల మాటకు అంతకన్నా ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడటం న్యాయం కాదు. ఈ రోజే అతడిని కూర్చోబెట్టి అడగండి, మీకు అర్థమయ్యేలా చెప్పమనండి. అలా చెప్పగలగడం కూడా ఉద్యోగానికి కావలసిన నేర్పే.

40 వేలూ ఒక్కసారి ఇవ్వనక్కరలేదు. ముందు ఉన్న ల్యాప్‌టాప్‌లోనే రెండు వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించే కంప్యూటర్లు) పెట్టి, ఒకదాని నుంచి మరొకదాన్ని నడిపే ఎస్‌ఎస్‌హెచ్‌తో కలిపి, పనిని యంత్రాల మధ్య పంచే ఎంపీఐతో ఒక చిన్న లెక్కను పంచి చూపించమనండి. దానికి పైసా ఖర్చు లేదు. అది చేసి చూపితే రెండు బోర్డులు, ఒక గిగాబిట్ స్విచ్ కొనివ్వండి. మిగతా రెండు తర్వాత. ఫోన్ చార్జర్లతో నెట్టుకురావద్దు: రాస్ప్‌బెర్రీ పై 5కు 5 వోల్టులు, 5 ఆంపియర్లు ఇచ్చే సరఫరా వాడటం మేలు, లేకపోతే కారణం తెలియని లోపాలతో వారాలు పోవచ్చు. కరెంటు ఉన్నట్టుండి పోతే ఎస్‌డీ కార్డులోని సమాచారం పాడయ్యే అవకాశం ఉంది కాబట్టి చిన్న యూపీఎస్ తప్పనిసరి, మన వేసవికి ఫ్యాన్లు కూడా. చేసిన ప్రతి పనినీ, చెడిన ప్రతిసారీ ఎలా బాగుచేశాడన్నదీ తేదీలతో రాసిపెట్టుకోమని చెప్పండి; మూడో సంవత్సరంలో ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు ఆ రాతలను రెజ్యూమేతో పాటు పంపవచ్చు.