అలబామాకు మారుతున్నాం, టోర్నడోలు నిజంగా రోజుల తరబడి వస్తాయా?

వస్తాయి. 2011 ఏప్రిల్ 25 నుంచి 28 వరకు అమెరికాలో, ముఖ్యంగా ఆగ్నేయ రాష్ట్రాల్లో, దాదాపు 360 టోర్నడోలు (మేఘం నుంచి నేల దాకా దిగే భీకర సుడిగాలులు) వచ్చాయి. వాటివల్ల 320 మందికి పైగా మరణించారు, వారిలో 230 మందికి పైగా అలబామాలోనే చనిపోయారు. అప్పుడు నేను హంట్స్‌విల్‌లో ఎం.ఎస్. విద్యార్థిని. మీరు కూడా ఉత్తర అలబామాకే వెళ్తున్నానన్నారు కనుక కొంత వివరంగా చెబుతాను.

కోస్తాలో పెరిగిన నాకు తుపాను అంటే బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడి, రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేసి, తీరం దాటి వెళ్లిపోయేది. అందుకే 27వ తేదీ తెల్లవారుజామున ఒక గాలివాన చెట్లు కూల్చి వెళ్లగానే గండం గడిచిందనుకున్నాను. నిజానికి అది మొదటి విడత మాత్రమే. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి తేమగాలి వస్తూనే ఉంది, పై ఎత్తులో గాలుల వేగం బాగా పెరిగింది. మధ్యాహ్నం ఎండ కాసేసరికి, ఒక్కొక్కటిగా విడివిడిగా తిరిగే భారీ మేఘాలు పుట్టుకొచ్చాయి. అత్యధిక తీవ్రత గల ఇ.ఎఫ్.5 శ్రేణి టోర్నడోలు ఆ ఒక్కరోజే నాలుగు నమోదయ్యాయి. టస్కలూసా, బర్మింగ్‌హామ్ నగరాలను దెబ్బతీసినది ఇ.ఎఫ్.4 మాత్రమే, అయినా అది 60 మందికి పైగా ప్రాణాలు తీసింది.

వాతావరణ శాఖ రోజుల ముందే హెచ్చరించింది. అయితే ఉదయపు గాలివానకే చాలాచోట్ల కరెంటు పోవడంతో, మధ్యాహ్నం టీవీ చూసి జాగ్రత్తపడే వీలు అనేకమందికి లేకపోయింది. నన్ను ఇప్పటికీ బాధించే విషయం ఇదే.

హాకిల్‌బర్గ్, ఫిల్ క్యాంప్‌బెల్ పట్టణాలను నేలమట్టం చేసిన టోర్నడో 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మా పక్క కౌంటీ (మన జిల్లా లాంటిది) లైమ్‌స్టోన్ మీదుగా వచ్చింది. మేము నలుగురం కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో, కిటికీ లేని స్నానాల గదిలో, దిండ్లు తల మీద పెట్టుకుని కూర్చున్నాం. అది మా వీధికి రాలేదు కానీ, హైటెన్షన్ లైన్లు కూలిపోవడంతో బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రంలోని మూడు రియాక్టర్లూ ఆగిపోయాయి, నగరమంతా చీకటైంది.

మాకు కరెంటు ఐదో రోజున వచ్చింది. అంతవరకు పెట్రోలు పంపులు, ఏటీఎంలు పనిచేయలేదు. దుకాణాల్లో కార్డు చెల్లలేదు. నా దగ్గర ఉన్నది పదకొండు డాలర్లు. ఇంట్లో పాతిక పౌండ్ల సోనా మసూరి ఉన్నా, పొయ్యి కూడా కరెంటుదే కావడంతో అటుకులూ ఆవకాయతో గడిపాం. చివరికి పక్క రాష్ట్రంలోని నాష్‌విల్ వెళ్లి పెట్రోలు పోయించుకున్నాం.

కాబట్టి మీరు వెళ్లిన వారంలోనే వాతావరణ శాఖ హెచ్చరికలు వినిపించే, బ్యాటరీతో పనిచేసే వెదర్ రేడియో కొనండి. ఇప్పుడు ఫోన్లకు హెచ్చరికలు వస్తాయి, 2011లో అవి లేవు. అయినా టవర్ కూలితే ఫోన్ ఉపయోగపడదు. సైరన్లు ఆరుబయట ఉన్నవారి కోసం పెట్టినవి, గదిలో నిద్రపోతుంటే వినిపించకపోవచ్చు. మూడో అంతస్తు అపార్ట్‌మెంటు అద్దె తక్కువని తీసుకునే ముందు, కింద ఎవరి ఇంట్లో తలదాచుకోగలరో కనుక్కోండి. రేడియోలో హెచ్చరికలు కౌంటీల పేర్లతో చదువుతారు. లైమ్‌స్టోన్ అన్నప్పుడు అది మాకు పడమటి పక్కనే ఉందని ఆ రోజు మా నలుగురిలో ఎవరికీ తెలియదు. టోర్నడోలు ఎక్కువగా పడమర, నైరుతి వైపు నుంచే వస్తాయి కనుక, మీ కౌంటీ పేరూ, దానికి ఆ దిక్కుల్లో ఉన్నవాటి పేర్లూ రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.