కాచని కాఫీని ఏమనాలి?

సందేహం: మా అమ్మాయి రాత్రిపూట కాఫీపొడిని చన్నీళ్ళలో వేసి ఫ్రిజ్‌లో పెడుతుంది. పొద్దున వడకట్టుకుని తాగుతుంది. కోల్డ్ బ్రూ అట. ‘కాఫీ కాచావా?’ అంటే, ‘కాచలేదమ్మా, నానబెట్టాను’ అని నవ్వుతుంది. కాఫీని నానబెట్టడమేమిటి? దీన్ని ‘చల్ల కాఫీ’ అనవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: చల్ల కాఫీ మాత్రం వద్దండి. చల్ల అంటే మజ్జిగ. ‘చల్లకొచ్చి ముంత దాచినట్టు’ అన్న సామెత ఉండనే ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలు కాఫీలో మజ్జిగ పోశారేమోనని బెదిరిపోతారు. ‘చల్లని కాఫీ’ అంటే వ్యాకరణం కుదురుతుంది గాని అర్థం కుదరదు. వేడిగా పెట్టిన కాఫీలో ఐసుముక్కలు వేసినా అది చల్లని కాఫీయే. కోల్డ్ బ్రూలో చల్లదనం తయారీకి సంబంధించినది. తరవాత వెచ్చబెట్టుకుని తాగినా అది కోల్డ్ బ్రూయే. పోనీ ఇంగ్లీషు మాటే ఉంచేద్దామంటే, మా పక్కింటాయన ‘బ్రూ’ అనగానే ఇన్‌స్టంట్ కాఫీ ప్యాకెట్టు అనుకుని, ‘చన్నీళ్ళలో కరుగుతుందా?’ అని అడిగారు.

‘కాచు’ అన్న క్రియకు పొయ్యి కావాలి. పాలు కాస్తాం, నెయ్యి కాస్తాం. కాబట్టి మీ అమ్మాయి నవ్వడం న్యాయమే. కానీ ‘నానబెట్టాను’ అనడం కూడా పూర్తిగా సరికాదు. బియ్యం నానుతాయి, మినప్పప్పు నానుతుంది. అక్కడ మనకు కావలసింది మెత్తబడిన గింజ, నీళ్ళు వంపేస్తాం. ఇక్కడ వ్యవహారం తలకిందులు. నీళ్ళు కావాలి, పొడి పారేయాలి.

దీనికి తగిన మాట మన జాడీలోనే ఉంది. మాగాయ పెట్టేటప్పుడు మామిడిముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఉంచుతాం కదా. మూత తీస్తే ముక్కలు మునిగేంత రసం. అదే ఊట. నిప్పు లేకుండా, తొందర లేకుండా, లోపలి సారం బయటికి రావడమే ఊరడం. చెలమలో నీరు ఊరేదీ, నోరూరేదీ అలాగే. కాఫీపొడి చేసేదీ ఆ పనే. కనుక ‘కాఫీ ఊరబెట్టాను’ అనమనండి. వచ్చిన చిక్కని ద్రవం ‘కాఫీ ఊట’. ఊరగాయలాగా ‘ఊరకాఫీ’ అని సమాసం చేద్దామని నాకూ ఉబలాటం కలిగింది. ఒకసారి పైకి అని చూస్తే ఊరకుక్క గుర్తొచ్చి మానేశాను.

డికాక్షన్ అనవచ్చా అని కొందరు అడుగుతారు. లాటిన్ మూలం ప్రకారం అది మరిగించి తీసినది. ఆ లెక్కన ఫిల్టర్‌లో వేణ్ణీళ్ళు పోసి దించేదీ డికాక్షన్ కాదు. అయినా మన ఇళ్ళలో ‘డికాక్షన్ దిగిందా?’ అనే మాట పాతుకుపోయింది, దాన్ని కదపనక్కర్లేదు. ఆయుర్వేదంలో ఈ తేడాలకు వేరువేరు పేర్లే ఉన్నాయి. మరిగించి ఇగరబెడితే క్వాథం. వేణ్ణీళ్ళు పోసి వడకడితే ఫాంటం (కూల్ డ్రింకు కాదు లెండి). చన్నీళ్ళలో రాత్రంతా ఉంచి పొద్దున వడకడితే హిమం, లేదా శీతకషాయం. శార్ఙ్గధర సంహిత హిమానికి చెప్పిన కొలత ఒక పలం పొడికి 6 పలాల నీళ్ళు. మా ఇంట్లో 100 గ్రాముల కాఫీపొడికి 800 మిల్లీలీటర్లు పోసి, ఫ్రిజ్‌లో 14 గంటలు ఉంచుతాం. తాగేముందు అంతే నీళ్ళో పాలో కలుపుకుంటాం. చేదూ పులుపూ రెండూ తగ్గుతాయి. ‘హిమకాఫీ’ అందంగానే ఉంది గాని, మంచు కలిపారనుకుంటారని నా జంకు. వంటింటికి ఊటే మేలు.

మీకు అరకు కాఫీ గింజలు దగ్గరే కనుక, మరలో బొంబాయిరవ్వలా బరకగా ఆడించమనండి. ఉత్తరం చివర, వడకట్టిన గుడ్డలో మిగిలేది పిప్పా, మడ్డా అని కూడా అడిగారు. చెరుకుకు లాగే సారం పోగా మిగిలింది కనుక అది పిప్పి. మడ్డి ద్రవం అడుగున పేరుకునేది. సీసా అడుగున అది కనిపించిందంటే పొడి మరీ మెత్తగా ఆడించారన్నమాట.