కొత్త ఆల్బమ్ మీద పోట్లాడే ముందు

నెల్లూరు,
ఆదివారం పొద్దున

అబ్బయ్యా,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక మీ అత్త అడిగింది, ఏంది వాడు అంతసేపు అరిచాడని. మెటాలికా అనే అమెరికా రాక్ బ్యాండ్ వాళ్ల కొత్త ఆల్బమ్ మీద వాడికీ, వాడి జతగాడికీ నెల రోజులుగా మాటల్లేవంట అని చెప్పా. "ఓస్, అంతేనా! ఎవరికన్నా ఒంట్లో బాగలేదేమో అనుకున్నా" అని లోపలికి పోయింది. ఆమెకది నవ్వులాట. నాకు నవ్వు రాలేదు. ఒకప్పుడు నేనూ ఇదే గొడవ పెట్టుకుని ఒక మంచి కస్టమర్‌నీ, ఒక మంచి క్యాసెట్‌నీ పోగొట్టుకున్నా. ఫోన్లో అయితే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. అందుకే కాగితం తీశా.

వి.ఆర్.సి. సెంటర్ దగ్గర టీ తాగుతూ నువ్వన్న మాట ఇది: "వీళ్లు కష్టపడటం మానేశారు, పాత పేరు అమ్ముకుని బతుకుతున్నారు." వాడన్నది: "వాళ్లేం చేసినా గొప్పే, నీకు వినడం చేతకాదు." ఎవరు రైటో చెప్పు మామా అన్నావు. ఎవరూ కాదు. వాడిది భక్తి, నీది అలక. సంగీతం గురించి ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడలేదు. అయినా, 2023 ఏప్రిల్‌లో వచ్చిన "72 సీజన్స్"ని ఇంకా కొత్త ఆల్బమ్ అంటున్నారంటేనే తెలుస్తోంది మీ ఇద్దరి మనసూ యాడ ఆగిపోయిందో.

నేను చెప్పేది ఒకటే. "కష్టపడలేదు" అన్న మాట నీ నోట్లోంచి తీసెయ్. వాళ్లు పడిన కష్టం నీకు కనపడదు. నీ చెవికి అందేది పాట ఒక్కటే. పాట గురించి మాట్లాడు.

ఎందుకంటే కష్టానికీ ఫలితానికీ లెక్క కుదరదని నాకు నేర్పింది ఈ బ్యాండే. 2003లో వచ్చిన "సెయింట్ ఆంగర్" గుర్తుందా? నువ్వు పసివాడివి, నీకెక్కడ గుర్తుంటుందిలే. ఆ ఆల్బమ్‌కి పడినంత పాట్లు వాళ్లు దేనికీ పడలేదు. బాస్ వాయించే జేసన్ న్యూస్టెడ్ వదిలేసి పోయాడు. పాటలు పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ తాగుడు మానడానికి చికిత్సలో చేరాడు. తిరిగొచ్చాక రోజుకి మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మాత్రమే పని చేస్తానన్నాడు. బ్యాండ్ విడిపోకుండా ఉండటానికి ఒక కౌన్సెలర్‌ని పెట్టుకుని, ఆయన ముందు కూర్చుని ఒకళ్ల మీద ఒకళ్లు చెప్పుకున్నారు. అదంతా డాక్యుమెంటరీగా కూడా వచ్చింది, 2004లో. ఇంత చేసి ఆల్బమ్ తెస్తే ఏమైంది? స్నేర్ డ్రమ్ అడుగున సన్నటి తీగల వరస ఒకటుంటుంది. ఆ చుర్రుమనే శబ్దం దానివల్లే వస్తుంది. డ్రమ్స్ వాయించే లార్స్ ఆ తీగల్ని వదులు చేసి వాయించాడు. ఇక ఆల్బమ్ మొత్తం 75 నిమిషాలు ఖాళీ బిందె మీద గరిటెతో కొట్టినట్టు టంగు టంగుమంటూనే ఉంటుంది. మొదటిసారి నేను ఇంట్లో పెట్టినప్పుడు మీ అత్త నిజంగానే వంటింట్లోకి పోయి చూసొచ్చింది. గిటార్ సోలో ఒక్కటి లేదు.

కష్టం కొలిచి మార్కులేస్తే "సెయింట్ ఆంగర్"కి ఫస్ట్ క్లాస్ రావాలి. చెవి పెట్టి విను, ఎన్నొస్తాయో నువ్వే చెప్పు.

ఇప్పుడు నా సంగతి. ట్రంక్ రోడ్డు పక్క సందులో నా రికార్డింగ్ సెంటర్ ఉండేది కదా. మద్రాసు బర్మా బజార్ నుంచి ఇంగ్లిష్ క్యాసెట్లు తెచ్చి, 60 నిమిషాలవీ 90 నిమిషాలవీ ఖాళీ క్యాసెట్లు కొని, అడిగిన వాళ్లకి నింపి ఇచ్చేవాణ్ని. (మెటాలికా వాళ్లకి నా కొట్టు నుంచి నయాపైసా పోలేదు. 2000లో వాళ్లు ఇంటర్నెట్లో జనం పాటలు ఊరికే పంచుకునే నాప్‌స్టర్ మీద కేసు వేశారని పేపర్లో చదివి, సముద్రాలవతల గొడవే అయినా నాకు కాస్త వణుకు పుట్టింది.) 1996లో "లోడ్" వచ్చింది. దాని కన్నా ముందు ఫోటోలొచ్చాయి. నలుగురూ జుట్టు కత్తిరించుకున్నారు. కళ్లకి కాటుక పెట్టుకున్న మనిషి ఒకడు. మా కొట్టు ముందు చేరే కుర్రాళ్లు ఇంతింత జుట్టు పెంచి, ఇంట్లో తిట్లు తింటూ తిరుగుతున్న రోజులవి. అమ్ముడుపోయారన్నారు. నేనూ అన్నా. ఒక కుర్రాడు మాత్రం "అన్నా, ఒకసారి పూర్తిగా వినన్నా" అని బతిమాలాడు. నలుగురి ముందు వాణ్ని ఎగతాళి చేశా. వాడు మళ్లీ కొట్టుకి రాలేదు. "లోడ్" నింపిన 90 క్యాసెట్ మీద ఎవరో అడిగితే అయ్యప్ప భజనలు ఎక్కించా. ఆయన తీసుకుపోవడానికి రాలేదు, అది ఇంట్లోనే ఉండిపోయింది.

ఆరేడేళ్ల తర్వాత మా అమ్మ ఆ భజనలు పెట్టుకుని నిద్రపోయింది. రెండో వైపు శరణుఘోష అయిపోయింది, కర్‌ర్ మని ఒక్క క్షణం శబ్దం, వెనకే ఒక గిటార్. నిదానంగా, బరువుగా. నేను వరండాలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నా. ఈ పాట ఎవరిదబ్బా అని నిలబడిపోయా. భజన అందుకోలేకపోయిన చివరి ఆరేడు నిమిషాలు అట్లాగే మిగిలిపోయాయి. "లోడ్"లో ఆఖరి పాట అది, "ది అవుట్‌లా టార్న్". చొక్కా జేబు కాలింది. ఆ పాటకి ముందున్న గంటా పది నిమిషాలు నేనే చెరిపేశానని తెలిసి ఇంకోటి కాలింది. పేరు తెలియకుండా వింటే నచ్చిన పాట, ఫోటో చూసి వింటే నచ్చలేదు. వినడానికి ముందే తీర్పు చెప్పేశా కదా మరి.

నీ కేసు కూడా కాస్త అట్లాంటిదే. నీ కొలబద్ద 1986 నాటి "మాస్టర్ ఆఫ్ పపెట్స్". దాన్ని నువ్వు ఇంటర్ నుంచి వింటున్నావు, వందలసార్లు. పరీక్ష టెన్షన్, హాస్టల్ గది, మీ నాన్నతో గొడవలు, అన్నీ అందులో కలిసిపోయి ఉన్నాయి. కొత్తదాన్ని ఫోన్ స్పీకర్లో రెండుసార్లు విన్నావు, అదీ బండి మీద. ఈ పోటీలో కొత్తదెట్లా గెలుస్తుంది? పాతవన్నీ కడిగిన ముత్యాలని కూడా అనుకోకు. 1988 నాటి "అండ్ జస్టిస్ ఫర్ ఆల్"లో బాస్ గిటార్ చెవులు రిక్కించినా వినపడదు. దాన్ని మాత్రం మనం ప్రేమగా క్షమించేశాం.

ఇంకో సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు మా నాయన కందుకూరు వైపు తిరునాళ్లలో పద్యనాటకానికి తీసుకుపోయాడు. కృష్ణుడి వేషగాడికి అరవై దాటాయి. ముందు వరసలో కూర్చున్నవాళ్లు ముప్పై ఏళ్లుగా ఆయన రాగాలు విన్నవాళ్లు. పద్యం ఎత్తుకునే ముందు హార్మోనియం ఆయన శ్రుతి ఒక మెట్టు దించాడు. అది ముందు వరసకి తెలిసిపోయింది. గొణుగుడు మొదలైంది, పెద్దాయన పనైపోయిందని. వన్స్‌మోర్ పడలేదు. మా నాయన మాత్రం నా చెవిలో అన్నాడు: "రాగం తగ్గించాడు గానీ చూడు, ఇప్పుడు ప్రతి అక్షరం వినపడుతోంది."

మెటాలికా వాళ్లు తొంభైల మధ్య నుంచి స్టేజీ మీద చేస్తున్నదీ అదే. గిటార్లు అరమెట్టు దించి శ్రుతి చేసుకుంటారు. 1991లో వచ్చిన బ్లాక్ ఆల్బమ్ రోజుల్లో హెట్‌ఫీల్డ్ గొంతు దెబ్బతింటే, పాడటం నేర్పే మనిషి దగ్గరికి పోయాడు. అప్పటికే కోట్ల మందికి తెలిసిన గాయకుడు వెళ్లి సరిగమల దగ్గర కూర్చోవడం బద్ధకమా? అరవై ఏళ్ల వయసులో ఒక ఊళ్లో రెండు రాత్రులు వాయిస్తూ, మొదటి రాత్రి పాట ఒక్కటి కూడా రెండో రాత్రి రాకుండా చూసుకుంటున్నారు ఈ మధ్య టూర్లో. హెట్‌ఫీల్డూ నేనూ పుట్టింది ఒకటే సంవత్సరం, 1963. నాకు మేడ మీద వాటర్ ట్యాంక్ దాకా ఎక్కితే మోకాళ్లు పట్టేస్తాయి.

అయితే "72 సీజన్స్" నాకు పూర్తిగా నచ్చిందా? లేదు. ఇక్కడ నీ వైపు కాస్త వస్తా. 12 పాటలు, 77 నిమిషాలు. "మాస్టర్ ఆఫ్ పపెట్స్" 8 పాటలు, 55 నిమిషాలకి అటూ ఇటూ. ఎల్పీ రికార్డు రోజుల్లో ఒక వైపుకి ఇంతే పడుతుందని హద్దు ఉండేది. పనికిరానిది బయటికి పోయేది, ఇష్టం లేకపోయినా. సీడీ వచ్చాక ఆ గోడ కూలిపోయింది. "లోడ్"ని సీడీలో ఇరికించడానికి ఆఖరి పాట తోక ఒక నిమిషం కోయాల్సి వచ్చిందంటే చూడు, ఎంత నింపారో. ఇప్పుడా సీడీ హద్దు కూడా లేదు. వీళ్ల దగ్గర తగ్గింది చెమట కాదబ్బయ్యా, కత్తెర. మంచి రిఫ్ ఒకటి, అంటే గిటార్ మీద తిప్పి తిప్పి వాయించే చిన్న వరస, దొరికితే నాలుగుసార్లు చాలు, ఎనిమిదిసార్లు తిప్పుతారు. ఏడో పాటకొచ్చేసరికి నా చెవి అలిసిపోతుంది. గిటార్ వాయించే కిర్క్ హామెట్ సోలోల్లో, కాలితో తొక్కి గిటార్‌ని వావా అనిపించే ఆ వావా పెడల్ కూడా పులుసులో చింతపండు జాస్తి అయినట్టు అన్నిటిలోనూ అదే పులుపు.

కానీ చివర 11 నిమిషాల "ఇనమొరాటా" ఉంది చూశావూ, వాళ్ల పాటలన్నిటిలోకీ పొడవైనది అదే, దాంట్లో ఒక్క నిమిషం తీసెయ్యమన్నా నేను ఒప్పుకోను. మధ్యలో అన్నీ ఆగిపోయి బాస్ ఒక్కటే మిగిలే చోటు వింటే నీకే తెలుస్తుంది. పొడవు తప్పు కాదు, ఎక్కడ పొడవన్నదే లెక్క.

ఇంకొకటి. 72 సీజన్లంటే ఏడాదికి నాలుగు చొప్పున పద్దెనిమిదేళ్లు. మనిషి పుట్టి పెద్దవాడయ్యేదాకా ఏమేం మూట కట్టుకుంటాడు, ఆ మూట ఎంతకాలం మోస్తాడు అన్నది హెట్‌ఫీల్డ్ రాసుకున్న సంగతి. ముసలాళ్లు కుర్రాళ్ల పాటలు పాడుతున్నారని వెక్కిరించావే, ఆ ఒక్క ముక్క తెలిసి విన్నావా?

సరే, చెయ్యాల్సింది చెప్తా. వచ్చే వారం ఎట్లాగూ చెన్నై పోతున్నావు కదా. రైలు నెల్లూరు దాటగానే మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదలుపెట్టు, సూళ్లూరుపేట అటూ ఇటూగా అయిపోతుంది. మధ్యలో ఫోన్ చూడకు. ఏదీ దాటెయ్యకు. తిరుగు ప్రయాణంలో 2016 నాటి "హార్డ్‌వైర్డ్" విను, "మాస్టర్"ని మాత్రం ముట్టుకోకు. దీనికి ముందుది అదే కదా, ముందుకు పోయారా వెనక్కి పోయారా అన్నది దానితోనే తేలుతుంది. నలభై ఏళ్ల కిందటి మనుషులతో వాళ్లని పోల్చడం, నన్ను నా పెళ్లి ఫోటో పక్కన నిలబెట్టడం లాంటిది. ఆ పని మీ అత్త చేస్తోంది, చాలు.

తర్వాత ఒక కాగితం మీద రాయి. ఏ పాట, ఎన్నో నిమిషం, ఏ వాయిద్యం, ఏం తప్పు. "నాలుగో నిమిషంలో రిఫ్ మళ్లీ మొదటికొచ్చింది, నాకు విసుగొచ్చింది" అని రాస్తే దానికి జవాబు చెప్పొచ్చు, నీ జతగాడు కూడా చెప్పగలడు. "డబ్బు కోసం చేశారు" అంటే ఎవడు ఏం చెప్తాడు? వాళ్ల బ్యాంకు పాస్‌బుక్ నీ దగ్గర లేదు. విన్నాక కూడా బాగలేదనిపిస్తే బాగలేదని గట్టిగా చెప్పు, మొహమాటపడకు. అభిమానిగా ఉండటమంటే ప్రతి ఆల్బమ్‌కీ హారతి పట్టడం కాదు. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్లని చూడటానికి బస్సెక్కి పోయిన నేనే, కొత్త పాట ఎత్తుకోగానే నీళ్ల సీసా కోసం బయటికి పోయా. ఆ పాట నేను వినలేదు కాబట్టి దాని గురించి ఇప్పటికీ నోరెత్తను.

నీ జతగాడి గురించి కూడా ఒక మాట. వాడు నీతో వాదించింది వాళ్ల కోసం కాదేమో చూడు. వాడికి ఈ బ్యాండ్‌ని పరిచయం చేసింది నువ్వే అన్నావు ఒకసారి. చేయి పట్టుకుని తీసుకొచ్చినవాడే మధ్యలో వదిలేసి, ఇదంతా చెత్త అని పోతుంటే వెనకున్నోడికి ఎట్లా ఉంటుంది? మా కొట్టుకి రావడం మానేసిన కుర్రాడు ఇప్పుడు యాడ ఉన్నాడో నాకు తెలియదు. నీవాడు రెండు వీధుల అవతలే ఉన్నాడు.

ఆదివారం ఇద్దరూ ఇంటికి రండి. నువ్వు నచ్చని పాట ఒకటి తీసుకురా, వాడు నచ్చిన పాట ఒకటి తేవాలి, నేను మధ్యలో కూర్చుంటా. పాట అయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు. పాత క్యాసెట్ డెక్‌కి బెల్టు వేయించా, తిరుగుతోంది. అయ్యప్ప క్యాసెట్ కూడా బయటికి తీశా, భజన అయిపోయాక ఏమొస్తుందో వాడికి ముందే చెప్పకు. మీ అత్త చేపల పులుసు శనివారం రాత్రే పెడతానంది, మరుసటి రోజుకైతే బాగుంటుందని. వాడు చేపలు తింటాడో లేదో కనుక్కుని రేపు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య