తమ్ముణ్ని జట్టులోంచి తీసేయలేం కదా

ప్రశ్న: మాది మిర్యాలగూడ. వయసు 31. నాయనకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి రైస్ మిల్లు నేనే చూసుకుంటున్నా. ముసలి గుమస్తా ప్రతిదానికీ "పెద్దాయన ఉన్నప్పుడు ఇట్ల లేకుండె" అంటాడు. మొన్న తమ్ముడు తేమ చూడకుండానే పచ్చి వడ్ల లోడు దింపించాడు. హమాలీల ముందే తిట్టాను. అప్పటి నుంచి మాట్లాడటం లేదు. హైదరాబాద్ పోయి ఉద్యోగం చూసుకుంటానని అమ్మతో అన్నాడట. నాకు క్రికెట్ అంటే ప్రాణం. ధోనీలా కూల్‌గా ఉండాలనుకుంటా, మిల్లులో అడుగుపెట్టగానే కోపం ఆగదు. రాత్రిళ్లు నిద్ర కూడా పట్టడం లేదు. నాకు నాయకత్వ లక్షణాలే లేవా?

జవాబు: కోపం వస్తుంది కాబట్టి నాయకత్వం లేదనుకోకండి. కోహ్లీకి కోపం తక్కువా? 40 టెస్టులు గెలిచి, భారత టెస్టు కెప్టెన్లలో అందరికంటే ముందున్నది ఆయనే. ధోనీ స్వభావం ధోనీది, మీది మీది. ఆ కోపం ఎవరి మీద, ఎవరి ముందు చూపిస్తున్నామన్నదే చూసుకోవాలి.

మీరు క్రికెట్ చూసేవారు కాబట్టి 2020 డిసెంబర్ మెల్‌బోర్న్ టెస్టు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందు టెస్టులో అడిలైడ్‌లో మనవాళ్లు 36 పరుగులకే కుప్పకూలారు. కోహ్లీ ఇంటికి వచ్చేశాడు, రహానే కెప్టెన్. సెంచరీ కొట్టి 112 మీద ఆడుతున్నాడు. అవతల జడేజా 49 మీద ఉన్నాడు. అర్ధసెంచరీకి కావలసిన ఆ ఒక్క పరుగు కోసం పరిగెత్తితే రహానే రనౌట్ అయ్యాడు. స్టేడియం అంతా చూస్తోంది, కెమెరాలు మొహం మీదే ఉన్నాయి. అయినా జడేజా మీద చిరాకుపడలేదు. తట్టి, ఆట కొనసాగించమని చెప్పి వెళ్లిపోయాడు. జడేజా అర్ధసెంచరీ చేశాడు, మ్యాచ్ మనం గెలిచాం. సిరీస్ కూడా 2-1తో మనదే.

ఇప్పుడు మీ మిల్లు గేటు దగ్గరికి రండి. తేమ చూడకపోవడం తప్పే, నష్టం కూడా నిజమే. కానీ ఆ మాట ఆఫీసు గదిలో, ఇద్దరే ఉన్నప్పుడు అనాల్సింది. రేపు అదే హమాలీలకు "ఈ లోడు ఆపండి" అని మీ తమ్ముడు చెబితే వాళ్లు వినాలా వద్దా? అందరి ముందు తీసేసిన పరువును అందరి ముందే తిరిగి ఇవ్వాలి. ఇంట్లో చాటుగా సారీ చెబితే సరిపోదు. హమాలీలు ఉన్నప్పుడే పిలిచి, "మొన్న నేను అట్ల అనాల్సింది కాదు తమ్మీ. ఇకనుంచి లోడు దింపాలా వద్దా అన్నది నువ్వే చెప్పాలె. తేమ మిషన్ నీ చేతిలోనే ఉంటది" అనండి. అన్నాక ఆ పనిలో వేలు పెట్టకండి. అన్నిటికంటే కష్టమైంది ఇదే.

గుమస్తా సంగతి వేరు. 2008లో నాగ్‌పూర్‌లో గంగూలీ చివరి టెస్టు. ధోనీ జట్టులోకి వచ్చినప్పుడు గంగూలీయే కెప్టెన్. ఆ మ్యాచ్ ముగింపులో కొన్ని ఓవర్లు జట్టును నడిపించమని ధోనీ ఆయన్నే అడిగాడు. దానివల్ల ధోనీ కెప్టెన్సీ తగ్గిందా? పెద్దాయన మంచాన పడ్డాక తన మాటకు విలువుందో లేదోనని మీ గుమస్తా బెంగపడుతున్నాడేమో. ఎవరి వడ్లలో నూక ఎక్కువొస్తుందో, ఏ వ్యాపారి బాకీ ఎప్పుడు తీరుస్తాడో ఆయనకు తెలిసినంత మీకింకా తెలియదు. వారానికో పూట కూర్చోబెట్టి అడగండి. నాయన మంచం పక్కనే కుర్చీలు వేసుకుంటే మరీ మంచిది. మిల్లు ముచ్చట్లు వినాలని ఆయనకూ ఉంటుంది.

అయితే ఆటలోని ప్రతి పాఠాన్నీ ఇంటికి తెచ్చుకోకండి. ఫామ్‌లో లేనివాణ్ని సెలక్టర్లు పక్కన పెడతారు, ఇంకొకణ్ని తెస్తారు. తమ్ముడి విషయంలో మీకు ఆ వీలు లేదు. అతనికి నిజంగానే హైదరాబాద్ ఉద్యోగం మీద మనసుంటే మంచి మనసుతో పంపించండి. కోపంతో వెళుతున్నాడా, ఇష్టంతో వెళుతున్నాడా అన్నది మాత్రం మీరే అడిగి తెలుసుకోవాలి. అమ్మ ద్వారా వద్దు.

నిద్ర విషయం వదిలేయకండి. మీ నాయనకు పక్షవాతం వచ్చింది కాబట్టి మీరూ బీపీ చూపించుకోండి, నిద్ర పట్టడం లేదని డాక్టర్‌కు చెప్పండి. సీజన్ అయ్యాక చూద్దాంలే అనుకోకుండా ఈ వారమే వెళ్లండి.