పాఠకుల ప్రశ్నలు, జవాబులు: లైట్లు లేని రోజుల ఫుట్‌బాల్

ఫ్లడ్‌లైట్లు రాకముందు మన మైదానాల్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఎలా నడిచేవని అడుగుతూ అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్నిటికి జవాబులు.

సంక్రాంతికి మా హైస్కూలు గ్రౌండ్‌లో నాకౌట్ టోర్నీ పెడుతున్నాం. లైట్లు లేవు. వెనకటి కాలంలో మూడింటికే మొదలుపెట్టేవాళ్లని పెద్దోళ్లు అంటారు. అంత ఎండలో ఎందుకు? నాలుగున్నరకు పెడితే చీకటి పడేలోపు అయిపోదా సార్?
– గుంతకల్లు పాఠకుడు

అయిపోదండీ. మీ పెద్దవాళ్ల లెక్కే సరైనది. ఆ లెక్కను వెనక నుంచి, అంటే పొద్దు గుంకే వేళ నుంచి ముందుకు కట్టుకోవాలి.

సంక్రాంతి నాటికి అనంతపురంలో పొద్దు గుంకేది సుమారు 6:08కి. కడపలో అయిదు నిమిషాలు, కర్నూల్లో మూడు నాలుగు నిమిషాలు ముందు. పొద్దు గుంకాక ఇంకో పది పన్నెండు నిమిషాలు బంతి కనబడుతుంది కానీ దాన్ని లెక్కలో వేసుకోకండి. అది ఆపద్ధర్మానికి దాచుకోవాల్సిన వెలుగు.

ఇప్పుడు మ్యాచ్‌కు ఎంతసేపు పడుతుందో చూడండి. 45, 45 కలిపి 90 నిమిషాలు. హాఫ్ టైమ్‌కు 10. దెబ్బలు తగిలి, బంతి కంచె అవతల పడి పోయే కాలానికి 6. ఇక్కడికి 106. నాకౌట్ కాబట్టి డ్రా అయితే ఎక్స్‌ట్రా టైమ్ 30, దాని ముందూ మధ్యా ఊపిరి తీసుకోవడానికి 5. అప్పటికీ తేలకపోతే పెనాల్టీలకు 15. మొత్తం 156 నిమిషాలు, అంటే రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు. 6:08లోంచి తీసేస్తే 3:32. ముఖ్య అతిథి రావడం, ఆటగాళ్లను పరిచయం చేసుకుని చేతులు కలపడం, దండలు, ఫొటోలు అన్నీ అయ్యేసరికి పావుగంట ఎప్పుడూ పోతుంది. అందుకని 3:15కు విజిల్ వేయించండి. అతిథి ఆలస్యమైతే ఆట మొదలుపెట్టేసి పరిచయం హాఫ్ టైమ్‌లో పెట్టండి. వెలుతురు లేక ఆగిన మ్యాచ్‌లకు చాలాసార్లు ఈ పావుగంటే కారణం.

ఒకే సాయంత్రం రెండు మ్యాచ్‌లు ఆడించాలంటే నిడివి తగ్గించక తప్పదు. సగానికి 30 నిమిషాలు పెట్టి, డ్రా అయితే నేరుగా పెనాల్టీలకు వెళ్తే ఒక మ్యాచ్ గంటా ఇరవై అయిదు నిమిషాల్లో ముగుస్తుంది. మొదటిది 2:45కు, రెండోది 4:20కు పెట్టుకోవచ్చు. ఇలా తగ్గించడం తప్పేం కాదు. చీకటి భయం ఉంటే సగాన్ని 40 నిమిషాలకు కుదించుకోవచ్చని ఫుట్‌బాల్ నిబంధనల్లోనే చాలా ఏళ్లు ఉదాహరణగా రాసి ఉండేది. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో, మన జట్టు మేవాలాల్ గోలుతో ఇరాన్‌ను ఓడించి బంగారు పతకం గెలిచిన ఆ పోటీల్లో, మ్యాచ్ నిడివి 80 నిమిషాలే. షరతు ఒక్కటే: నిడివి ఎంతో మొదటి విజిల్‌కు ముందే రెండు జట్లకూ చెప్పి ఒప్పించాలి, టోర్నీ నిబంధనల్లోనూ రాసి ఉండాలి. ఆట మధ్యలో చీకటి పడుతోందని కోత పెడితే గొడవలే.

ఇంకో మాట. డిసెంబరు 21న పగలు అన్నిటికన్నా చిన్నది కాబట్టి పొద్దు కూడా ఆనాడే అన్నిటికన్నా ముందు గుంకుతుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర అది నవంబరు మూడు, నాలుగు వారాల్లో జరుగుతుంది. అనంతపురంలో అప్పుడు 5:47కే పొద్దు గుంకుతుంది. సంక్రాంతికి ఇరవై నిమిషాలు కలిసొస్తాయి. దీపావళి తర్వాత పెట్టే టోర్నీకి, సంక్రాంతి టోర్నీకి ఒకే టైము అచ్చు వేయించకండి.

గీతల సంగతి కూడా చూసుకోండి. నూరు మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు గ్రౌండ్‌లో గీతలన్నీ కలిపితే సుమారు 695 మీటర్లు వస్తాయి. ఎర్రనేలలో హాఫ్ టైమ్‌కే సగం చెరిగిపోతాయి. మసక వెలుతురులో గీత కనబడకపోతే రెఫరీ ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. విరామంలో అన్నీ తిరిగి వేసే తీరిక ఉండదు కాబట్టి గోలుస్తంభాల మధ్య గీత, పెనాల్టీ ఏరియా గీతలు మాత్రం మళ్లీ వేయించండి. ముగ్గుపిండి వాడండి. సరిగా చల్లారని సున్నం ఒంటి మీద, కంట్లో పడితే కాలుతుంది. వల ముడులు కూడా ప్రతి మ్యాచ్‌కు ముందు చూడాలి. స్తంభం దగ్గర వల వదులైతే బంతి లోపలి నుంచి పోయిందో, బయటి నుంచి దూరిందో సందెవేళ ఎవరూ చెప్పలేరు.

మా తాత ఆడిన జట్టు ఫొటో ఒకటి దొరికింది. వెనక తేదీ లేదు. నీడలు బట్టి అది ఎన్ని గంటలకు తీసిందో చెప్పొచ్చా?
– కర్నూలు పాఠకురాలు

గంట దాదాపుగా చెప్పొచ్చు, నెల చెప్పడం కష్టం.

ముందుగా ఫొటో తిరగేసి అచ్చు వేయలేదని నిర్ధారించుకోండి. బనియన్ మీది అంకె, బోర్డు మీది అక్షరాలు సరిగా ఉంటే చాలు. తర్వాత నిటారుగా నిలబడ్డ మనిషినో, గోలుస్తంభాన్నో ఎంచుకోండి. ఫొటోలో నీడ అడ్డంగా, ఎడమకో కుడికో పడి ఉండాలి. కెమెరా వైపు గానీ, దానికి దూరంగా గానీ పడ్డ నీడ ఫొటోలో పొట్టిగా కనబడి మోసం చేస్తుంది. స్కేలుతో మనిషి పొడవు, పాదం నుంచి నీడ చివర దాకా పొడవు కొలవండి. గోలు అడ్డకర్ర నేలకు 8 అడుగుల ఎత్తు కాబట్టి స్తంభం దొరికితే కొలత ఇంకా నమ్మకంగా ఉంటుంది.

నీడ మనిషికి రెండింతలుంటే, మన ప్రాంతంలో డిసెంబరు చివర అయితే సుమారు 3:45, జూన్‌లో అయితే 4:50. నాలుగింతలుంటే డిసెంబరులో 4:47, జూన్‌లో 5:45. మనిషంత నీడే ఉంటే డిసెంబరులో రెండు గంటలు కావస్తోందన్నమాట. అయిదు, పది నిమిషాల తేడా ఎలాగూ ఉంటుంది.

జట్టు ఫొటోలు ఎక్కువగా కిక్ ఆఫ్‌కు, అంటే ఆట మొదలుపెట్టే తొలి తన్నుకు ముందే తీసేవారు. కాబట్టి మీ ఫొటోలో నీడ రెండింతలుంటే అది చలికాలంలో నాలుగింటి మ్యాచో, ఎండాకాలంలో అయిదింటి మ్యాచో అయ్యుండాలి. రెండిట్లో ఏదో తేల్చడానికి వెనక చెట్లు చూడండి. వేపచెట్టు ఆకు రాల్చి బోడిగా ఉంటే ఫిబ్రవరి, మార్చి రోజులు. అప్పటి సమయం ఆ రెండు అంకెల మధ్యలో పడుతుంది.

టాస్ గెలిస్తే ఏ వైపు తీసుకోవాలి? మా గ్రౌండ్ తూర్పు పడమరలుగా ఉంది.
– కడప కాలేజీ విద్యార్థి

సాయంత్రం ఎండ ఆటగాళ్ల కళ్లలో పడకూడదనే గ్రౌండ్ పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలంటారు. స్థలం కుదరక తూర్పు పడమరలుగా వేసినచోట టాస్‌కు గోలంత విలువ ఉంటుంది.

మొదటి సగం తూర్పు గోలు తీసుకోండి. అక్కడ నిలబడ్డ కీపర్ పడమటికి చూస్తాడు, కళ్లలో ఎండ పడుతుంది, నిజమే. కానీ డిసెంబరులో నాలుగింటికి సూర్యుడు ఇంకా 24 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. టోపీ అంచు ఆ ఎండను ఆపుతుంది. అయిదింటికి 11 డిగ్రీలకు దిగుతాడు. అప్పుడు టోపీ అంచు కింద నుంచే ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది. పైగా అప్పటికి మైదానమంతా దుమ్ము లేచి ఉంటుంది, ఆ దుమ్ము ఎండకు తెరలా మెరుస్తుంది. ఆ సమయానికి తూర్పు గోల్లో ఎదుటి జట్టు కీపర్ ఉంటాడు. రెండో సగంలో దూరం నుంచి, కాస్త ఎత్తుగా గోలు మీదికి కొట్టండి. పడమటి వైపు పెద్ద చెట్లో, భవనమో ఉండి అయిదింటికే నీడ పడే గ్రౌండ్ అయితే మాత్రం లెక్క తిరగబడుతుంది. ముందురోజు అదే వేళకు పోయి చూసుకోండి.

1997 నుంచి 2019 దాకా టాస్ గెలిచినవాళ్లు గోలు వైపే కోరుకోవాల్సి ఉండేది. అంతకుముందు గానీ, ఇప్పుడు గానీ కిక్ ఆఫ్ కూడా కోరుకోవచ్చు. తూర్పు పడమర గ్రౌండ్‌లో కిక్ ఆఫ్ కోరుకునే కెప్టెన్ చేజేతులా నష్టపోతాడు.

చీకటి పడి మ్యాచ్ ఆగిపోతే ముందున్న జట్టే గెలిచినట్టా?
– తాడిపత్రి పాఠకుడు

కాదు. ఆపాలా వద్దా అన్నది రెఫరీ నిర్ణయం. ఆగిపోయిన మ్యాచ్‌ను, టోర్నీ నిబంధనల్లో వేరే మాట లేకపోతే, మళ్లీ మొదటి నుంచి ఆడాలి. మూడు గోల్స్ ముందున్నా అంతే. ఓడిపోతున్న జట్టు కావాలని బంతిని దూరంగా తన్ని కాలం గడపడానికి ఇదే కారణం. అలాంటి మ్యాచ్‌లకు ఇంకో రెండు బంతులు గీత పక్కన సిద్ధంగా పెట్టుకోవాలి.

పెనాల్టీలతో తేల్చే పద్ధతి నిబంధనల్లోకి వచ్చింది 1970లో. అంతకుముందు డ్రా అయితే రీప్లే, లేదంటే నాణెం. 1968 యూరోపియన్ కప్ సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ యూనియన్ మ్యాచ్ గోల్ లేకుండా ముగిస్తే నాణెం ఎగరేసి ఇటలీని ఫైనల్‌కు పంపారు. మన దగ్గర కప్పును ఇద్దరికీ పంచడం ఎక్కువ. 1960 డ్యూరాండ్ కప్ కోల్‌కతా జట్లు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఇద్దరిదీ.

ఇంగ్లండ్‌లో లైట్లు ఎప్పుడు వచ్చాయి?
– నంద్యాల పాఠకుడు

షెఫీల్డ్‌లోని బ్రామల్ లేన్ మైదానంలో 1878 అక్టోబరు 14న విద్యుత్ దీపాల కింద ఒక మ్యాచ్ ఆడి చూశారు. అయినా లీగ్ మ్యాచ్ లైట్ల కింద జరగడానికి 1956 ఫిబ్రవరి 22 దాకా, పోర్ట్స్‌మత్, న్యూకాజిల్ మ్యాచ్ దాకా ఆగాల్సి వచ్చింది. లండన్‌లో నవంబరు చివర నాలుగింటికే పొద్దు గుంకుతుంది. అక్కడివాళ్లతో పోలిస్తే మనకు సాయంత్రం దాదాపు రెండు గంటల వెలుతురు ఎక్కువ.

పాత తోలు బంతి సాయంత్రం కనబడేది కాదంటారు, నిజమేనా?
– ధర్మవరం పాఠకుడు

నిజం. గోధుమరంగు తోలు, ఎర్రమట్టి, మసక వెలుతురు. నేల మీద దొర్లే బంతి మట్టిలో కలిసిపోయేది. పైకి లేస్తే పడమటి ఆకాశం మీద నల్లటి చుక్కలా కనబడేది, తూర్పుకు చూసేవాడికి అదీ ఉండదు. తెల్ల రంగు పూసి చూసినవాళ్లున్నారు గానీ రంగు తోలును బిగదీస్తుంది, కాసేపటికే పెచ్చులు ఊడుతుంది.

ఆ బంతిలో రబ్బరు బ్లాడర్ ఉండేది. పంపుతో గాలి కొట్టి, దాని గొట్టాన్ని మడిచి దారంతో కట్టి, తోలు నాలుక కింద దోపి, పైన లేసు బిగించేవారు. ఆ మడత సరిగా అణగకపోతే అక్కడ బుడిపె తేలి బంతి వంకరగా పోయేది. లేసు ముడి తగిలేలా తల ఆనిస్తే నుదురు చీరుకునేది. బంతి బరువు 14 నుంచి 16 ఔన్సులని నిబంధన, కానీ అది ఆట మొదట్లో తూచిన బరువే. వాన పడితే తోలు నీళ్లు పీల్చి ఇంకా బరువెక్కేది. తడిసిన బంతిని ఎండలో పెడితే తోలు పగులుతుంది. నీడలో ఆరబెట్టి, మైనమూ కొవ్వూ కలిపిన లేపనం రుద్దాలి. మీ ఇంట్లో అలాంటి బంతి ఉంటే గాలి పూర్తిగా కొట్టకండి, పాత కుట్లు తెగుతాయి. ఆకారం నిలిచేంత చాలు.

చూసేవాళ్లు ఎక్కడ కూర్చునేవారు?
– ప్రొద్దుటూరు పాఠకురాలు

ఉత్తర దక్షిణాల గ్రౌండ్ అయితే పడమటి పక్కన, వీపుకు ఎండ తగిలేలా. మొదట్లో వేడి అనిపించినా అయిదింటి తర్వాత ఆట స్పష్టంగా కనబడేది అక్కడి నుంచే. తూర్పు పక్కన కూర్చున్నవాళ్లు చివరి అరగంట నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాల్సిందే.