షార్లెట్‌కు పరుగు పందేనికి వస్తున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

మీ రాష్ట్ర పోటీల ఫలితాలు మీ నాన్న పంపాడు. ఆరో స్థానం, 18 నిమిషాల 6 సెకన్లు. చాలా సంతోషించాను. థాంక్స్‌గివింగ్ మరుసటి శనివారం మా ఊరి మెకల్పైన్ క్రీక్ పార్కులో జరిగే దక్షిణ ప్రాంత పోటీకి నీ పేరు నమోదు చేశామని కూడా రాశాడు. ఇరవై ఏళ్ళుగా ఇక్కడి ఒక హైస్కూలు క్రాస్ కంట్రీ (పచ్చిక, మట్టి బాటల మీద ఐదు కిలోమీటర్ల పరుగు) జట్టుకు సాయం చేస్తూ, ఏటా ఆ పార్కులో ముగింపు గీత దగ్గర నిలబడి పిల్లలకు నీళ్ళందిస్తూ నేను గమనించినవీ, మీ వదిన పరుగెత్తిన రోజుల్లో తల్లిగా పొరబడి తెలుసుకున్నవీ నీకు రాసి పెట్టాలనిపించింది. మనబడి తెలుగు తరగతుల్లో నేర్చుకున్న చదువుతో ఎక్కడైనా తడబడితే అక్కడ మీ నాన్నతో చదివించుకో. ఆహారం, ఆరోగ్యం గురించి రాసిన భాగాన్ని మాత్రం మీ అమ్మ కూడా చదవాలి.

ముందు ఈ పోటీ ఎలాంటిదో స్పష్టంగా తెలుసుకో. అమెరికాలో హైస్కూలు ఆటలను నడిపేవి రాష్ట్ర సంఘాలు. వాటి బాధ్యత రాష్ట్ర ఛాంపియన్‌షిప్‌తో ముగుస్తుంది. వాటికి పైనున్న జాతీయ సమాఖ్య ఆట నియమాలను రూపొందిస్తుందే తప్ప జాతీయ పోటీలు జరపదు. ఆ లోటును బూట్ల కంపెనీలు తీర్చాయి. 1979లో కిన్నీ పేరుతో మొదలై, తరువాత ఫుట్ లాకర్ పేరుతో దేశమంతా తెలిసిన పోటీ వ్యక్తులది. 2004లో నైకీ ఆరంభించి పోర్ట్‌లండ్‌లో జరుపుతున్నది ప్రధానంగా జట్లది. బడితో సంబంధం లేని పోటీలు కాబట్టి వీటిలో చాలామంది పిల్లలు బడి పేరున్న బనియన్లు వేసుకోకుండా, క్లబ్బు పేరుతోనో సొంత దుస్తులతోనో పరుగెత్తుతారు. సీజన్ ముగిశాక కోచ్ నీకు ఎంతవరకు శిక్షణ ఇవ్వవచ్చో ఒక్కో రాష్ట్రంలో ఒక్కో నియమం ఉంటుంది. ఆ సంగతి కోచ్‌నే నేరుగా అడిగి తెలుసుకో. తెలియక చేసిన చిన్న పొరపాటు వల్ల వచ్చే ఏడాది నీ అర్హతకు ఇబ్బంది రాకూడదు.

నువ్వు వస్తున్నది వ్యక్తుల పోటీకి. దేశాన్ని నాలుగు ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతం నుంచి మొదటి పది మంది అమ్మాయిలనూ పది మంది అబ్బాయిలనూ శాన్ డియేగోలో జరిగే తుది పోటీకి పంపడం దీని పద్ధతి. అంటే దేశం మొత్తం మీద నలభై మంది అమ్మాయిలు. ఈశాన్య ప్రాంతం వాళ్ళు తమ ప్రాంతంలోనూ, మధ్య పశ్చిమం వాళ్ళు విస్కాన్సిన్‌లోని కెనోషాలోనూ, పశ్చిమం వాళ్ళు కాలిఫోర్నియాలోని మౌంట్ శాక్ కాలేజీ గుట్టల్లోనూ పోటీపడితే, మన దక్షిణం వాళ్ళు ఇక్కడికి వస్తారు.

ఈ పద్ధతి వల్ల నీ ఆలోచన మారాలి. నువ్వు ఇంతవరకు పరుగెత్తినవి జట్టు పందేలు. ఏడుగురు పరుగెత్తితే మొదటి ఐదుగురి స్థానాలను కూడుతారు, తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది, ఆరో ఏడో అమ్మాయిలు ఎదుటి జట్టు వాళ్ళను వెనక్కి నెట్టడానికి పనికొస్తారు. అందులో నువ్వు నలభయ్యో స్థానం నుంచి ముప్పై తొమ్మిదికి వచ్చినా జట్టుకు ఒక పాయింటు లాభమే. ఇక్కడ పదో స్థానానికీ పదకొండో స్థానానికీ మధ్య ఉన్నంత తేడా మరెక్కడా లేదు. అందువల్ల చేతి గడియారం ఇంట్లో పెట్టి రా అని చెబుతాను. క్రాస్ కంట్రీలో నేల ఒకచోట ఉన్నట్టు మరోచోట ఉండదు, ఒక ఊళ్ళో వచ్చిన సమయాన్ని మరో ఊళ్ళో సమయంతో పోల్చడం దండగ. నువ్వు లెక్కపెట్టవలసినది ముందున్న తలలను.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టిన విషయానికి వస్తాను. మీ నాన్న పంపిన కాగితంలో మైలు మైలుకూ సమయాలు ఉన్నాయి. మొదటి మైలు 5 నిమిషాల 28 సెకన్లు, రెండోది 5:50, మూడోది 6:10. ఓపిక లేక కాదు, ఓపికను ముందే ఖర్చు చేసుకోవడం వల్ల నువ్వు మూడో మైలులో నెమ్మదించావు. చివర్లో నిన్ను దాటిపోయినవాళ్ళు నీకంటే బలవంతులని నేననుకోను. రాష్ట్ర పోటీలో ఆ తప్పును ఆరో స్థానం కప్పిపుచ్చింది. ఇక్కడ బరిలో నిలబడే వాళ్ళందరూ తమ తమ రాష్ట్రాల్లో ముందు వరుసలో వచ్చినవాళ్ళే. తుపాకీ పేలగానే వెడల్పాటి పచ్చిక మైదానంలో అంతమంది ఒక్కసారిగా దూకుతారు, దారి ఇరుకయ్యేలోపు ముందుకు చేరాలన్న ఆత్రం అందరినీ లాగుతుంది. నువ్వు వెనకబడిపోవాలని నేననడం లేదు. మొదటి రెండు వందల మీటర్లు చురుగ్గా పరుగెత్తి గుంపు మధ్య నుంచి బయటపడి, ఆ తరువాత ఊపిరి నీ అదుపులోకి వచ్చేదాకా వేగాన్ని కావాలనే తగ్గించు. ఒక చిన్న వాక్యం నోటితో చెప్పుకోగలిగే స్థితిలో నువ్వుంటే సరిగ్గా పరుగెత్తుతున్నట్టు. మొదటి మైలు దగ్గర ఇరవై ఐదో స్థానంలో ఉన్నా భయపడవద్దు. మిగతా రెండు మైళ్ళలో మనుషులను ఒక్కొక్కరినే దాటే అమ్మాయికి ప్రతి దాటుడూ బలాన్నిస్తుంది, దాటించుకునే అమ్మాయికి ప్రతిదీ బలాన్ని తీసుకుపోతుంది.

మెకల్పైన్ దారి చాలావరకు చదునైనదే. చెరువు ఉంది, చెట్ల మధ్య మట్టి బాట ఉంది, ఒక గుట్ట ఉంది. గుట్ట ఎక్కేటప్పుడు అడుగులు చిన్నవి చేసి, చేతుల ఊపు పెంచి, పక్కవాళ్ళతో సమానంగా ఎక్కితే చాలు. అసలు పని గుట్ట పైకి చేరాక మొదలవుతుంది. పైకి రాగానే అందరూ ఒక్క క్షణం ఊపిరి తీసుకోవాలని చూస్తారు, ఆ క్షణంలోనే నువ్వు వేగం అందుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నిన్ను పార్కుకు తీసుకెళ్తాను, దారంతా మెల్లగా పరుగెత్తి చూసుకో. మలుపుల్లో ఏ వైపు నేల గట్టిగా ఉందో, ముగింపు గీత ఎంత దూరం నుంచి కనబడుతుందో గుర్తుపెట్టుకో. నేల పొడిగా ఉంటే స్పైకు బూట్లకు పావు అంగుళం మేకులు సరిపోతాయి. వాన పడితే అంతకంటే పొడుగువి కావాలి, రెండు రకాలూ వెంట తెచ్చుకో.

ఈ రెండు వారాల్లో కొత్త బలం రాదు, ఉన్న బలాన్ని కాపాడుకోవడమే పని. వారానికి పరుగెత్తే మైళ్ళను మూడో వంతు తగ్గించు, కానీ వేగాన్ని పూర్తిగా వదిలేయవద్దు. మంగళవారం కొద్దిసేపు పందెం వేగంతో నాలుగైదు చిన్న పరుగులు, మిగతా రోజుల్లో మాట్లాడుకుంటూ చేయగలిగినంత తేలిక పరుగు చాలు. రాత్రి తొమ్మిదిన్నరకు పడుకో. కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్ష పుస్తకాలు ఆ వారం తొమ్మిది గంటలకే మూతపడితే కొంపలేమీ మునగవని మీ నాన్నకు నేను చెబుతాను.

థాంక్స్‌గివింగ్ రోజున మా ఇంటికి ముప్పై మంది చుట్టాలు వస్తారు. పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, బిర్యానీ అన్నీ ఉంటాయి. గురువారం నువ్వు అన్నీ రుచి చూడవచ్చు. శుక్రవారం నుంచి మాత్రం కారం, వేపుళ్ళు, పప్పు, చిక్కుళ్ళ వంటివి మానేయాలి, అవి మంచి తిండే అయినా పందెం రోజున కడుపును ఇబ్బందిపెడతాయి. శుక్రవారం రాత్రికి మెత్తటి అన్నం, తేలిక కూర, పెరుగు. శనివారం పందేనికి మూడు గంటల ముందు రెండు ఇడ్లీలు, అరటిపండు, నీళ్ళు. పచ్చడి వద్దు. ఎవరెంత బలవంతం చేసినా కొత్త పానీయం గానీ, శక్తినిచ్చే జెల్ గానీ ఆ రోజు మొదటిసారిగా నోట పెట్టవద్దు.

ఈ భాగం మీ అమ్మ కోసం కూడా. నువ్వు శాకాహారివి, పదహారేళ్ళ అమ్మాయివి, వారానికి నలభై మైళ్ళ దాకా పరుగెత్తుతున్నావు. ఈ మూడూ కలిసినచోట ఇనుము తగ్గే అవకాశం ఎక్కువ. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ సరిగా ఉన్నంత మాత్రాన సరిపోదు, శరీరంలో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్‌ను కూడా చూడమని డాక్టరును అడగండి. నిల్వ తగ్గిన పిల్లలు సోమరితనం వచ్చిందనుకుని ఇంకా గట్టిగా పరుగెత్తుతారు, ఇంకా నెమ్మదిస్తారు. అలా రెండేళ్ళు పోగొట్టుకున్న అమ్మాయిని మా జట్టులోనే చూశాను. మాత్రలు సొంతంగా మొదలుపెట్టవద్దు, ఎక్కువైన ఇనుము కూడా హాని చేస్తుంది. ఆకుకూర, పప్పు, రాగులు తినేటప్పుడు నిమ్మరసమో నారింజో తోడుగా ఉండాలి, భోజనం కాగానే కాఫీ, టీ తాగకూడదు. నిల్వ పెరగడానికి వారాలు, నెలలు పడుతుంది కాబట్టి ఇది ఈ పందేనికి పనికొచ్చే సలహా కాదు, వచ్చే వేసవికి.

ఇంకొకటి. నెలసరి మూడు నెలలు రాకపోతే, అది బాగా పరుగెత్తే పిల్లలకు మామూలేనని ఎవరు చెప్పినా నమ్మవద్దు. ఖర్చయ్యే శక్తికి తగినంత తిండి శరీరానికి అందడం లేదని దానికి అర్థం కావచ్చు, అది ఎముకలను బలహీనపరుస్తుంది. మీ వదిన పదకొండో తరగతిలో ఉండగా మోకాలి కింద ముందువైపు ఎముకలో ఒకేచోట నొప్పి అంది. వేలితో నొక్కితే ఆ ఒక్కచోటే నొప్పి. రాష్ట్ర పోటీ ఎనిమిది రోజులుందనగా "మంచు పెట్టు, తగ్గిపోతుంది" అన్నది నేనే. పందెం మధ్యలో కుంటుతూ పక్కకు వచ్చేసింది, స్కానింగులో ఎముకకు సన్నని పగులు కనబడింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. నీకు కండరమంతా పట్టేసినట్టు ఉండే నొప్పికి భయపడనక్కరలేదు. ఎముక మీద ఒక్కచోట తగిలే నొప్పి, నడిచినా, రాత్రి పడుకున్నా ఉండే నొప్పి అయితే షార్లెట్ టికెట్లు రద్దు చేయించుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. నేనేమీ అనుకోను, మీ నాన్నను కూడా అననివ్వను.

ఈ వయసులో అమ్మాయిల శరీరం మారుతుంది, ఒక ఏడాది వేగం ఆగిపోయినట్టు కూడా అనిపిస్తుంది. జోర్డాన్ హేసే 2005లో హైస్కూలు మొదటి ఏడాదిలోనే ఈ జాతీయ పోటీ గెలిచింది, మళ్ళీ గెలవడానికి 2008 దాకా, అంటే చివరి ఏడాది దాకా పట్టింది. ఆ మధ్య రెండేళ్ళూ ఆమె పరుగు మానలేదు. ఈ సంవత్సరం నువ్వు మొదటి పదిలోకి రావడం కష్టం, అసాధ్యం మాత్రం కాదు. ఇరవై మందిలోపు వచ్చినా నాకది గొప్ప ఫలితమే, ఎందుకంటే వచ్చే ఏడాది ఇదే దారిని తెలిసిన కాళ్ళతో పరుగెత్తుతావు. ఒకవేళ పదిలోకి వస్తే శాన్ డియేగోలోని బల్బోవా పార్కులో గుట్టను రెండుసార్లు ఎక్కవలసి ఉంటుంది. దాని సంగతి అప్పుడు వేరే ఉత్తరంలో రాస్తాను.

శనివారం ఉదయం ఇక్కడ చలి గట్టిగా ఉంటుంది, గడ్డి మీద మంచు కూడా ఉండవచ్చు. చేతి తొడుగులు, పైన వేసుకునే పాత స్వెట్టరు తెచ్చుకో, స్వెట్టరు ఆఖరి నిమిషం దాకా తీయవద్దు. పందేనికి యాభై నిమిషాల ముందు తేలికగా పదిహేను నిమిషాలు పరుగెత్తి, ఒళ్ళు సాగదీసి, చివర నాలుగైదు వేగపు పరుగులు చేసుకో. బాత్రూముల దగ్గర వరుసలు చాలా పొడుగ్గా ఉంటాయి, వార్మప్ కంటే ముందే ఆ పని చూసుకో. బూట్ల తాళ్ళకు రెండు ముడులు వెయ్యి. ఆ సమయంలో మీ నాన్న పక్కన ఉండి ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. వాడికి కంగారెక్కువ, ప్రేమతోనే చెబుతాడు. "అత్త చెప్పింది, పందెం అయ్యాక మాట్లాడదాం నాన్నా" అను.

నేను గుట్ట దిగినచోట చెట్టు కింద నిలబడతాను. అక్కడ వందమంది కేకలు వేస్తూ ఉంటారు, ఏ మాటా నీ చెవికి ఎక్కదు. అందుకని వేరే ఏమీ అనకుండా నీ స్థానం అంకెను మాత్రం తెలుగులో అరుస్తాను. పద్దెనిమిది అని వినబడితే ముందు ఎంతమంది ఉన్నారో నీకు తెలుస్తుంది, అక్కడి నుంచి ఎవరిని పట్టుకోవాలో నువ్వే చూసుకో.

ఆశీస్సులతో,
మీ అత్త