పుల్పిట్ వెనక సిలువ ఆకారపు అద్దం పెట్టొచ్చా?

ఒంగోలు పక్క పల్లెలో కొత్త మందిరానికి తూర్పు గోడలో, పుల్పిట్ (వాక్యం చెప్పే బల్ల) వెనకాలే, బయటి వెలుగు లోపలికి వచ్చేలా సిలువ ఆకారంలో కోత తీసి అద్దం పెట్టించాలని ఉంది, దానికి అర్థం, ఆధారం ఏమిటని అడిగారు.

ఆధారం గట్టిదే. క్రీస్తును నీతిసూర్యుడిగా (మలాకీ 4:2) తలచి తొలి సంఘాలవాళ్లు తూర్పు తిరిగి ప్రార్థించేవారు. అయితే ఆనాటి ఆచారంలో గురువు కూడా జనంతో పాటు తూర్పుకే తిరిగేవాడు. మన దగ్గర వాక్యం చెప్పేవారు జనంవైపు తిరుగుతారు. 9 గంటల ఆరాధనలో ఆ అద్దం ముందు నిలబడితే పాస్టరుగారి ముఖం నల్లగా కనబడుతుంది, ముందు వరసల్లో వాళ్లు కళ్లు చికిలించుకోవాల్సిందే.

జపాన్‌లో ఇబరాకి అనే ఊళ్లో తడావో అండో అనే ఆర్కిటెక్టు 1989లో గోడలో సిలువ ఆకారపు కోతతో కట్టిన చర్చి ఫొటో చూసి చాలామంది ఇది అడుగుతుంటారు. అక్కడ హాలును కావాలనే చీకటిగా ఉంచారు, అందుకే ‘వెలుగు చీకటిలో ప్రకాశించుచున్నది’ అన్న యోహాను 1:5 కంటికి కడుతుంది. మనకు ఉక్కపోతకి కిటికీలన్నీ బార్లా తెరవాలి. ఆ వెలుతురులో సిలువ వెలవెలబోతుంది.

నన్నడిగితే సిలువను టేకుతో చేయించి తెల్లగోడకు బిగించండి. వేదిక ఉత్తరపు మూలలో నేల నుంచి కప్పు దాకా అడుగు వెడల్పు నిలువు కిటికీ పెట్టి, జనానికి అద్దం కనబడకుండా ముందు చిన్న అడ్డగోడ లేపండి. వెలుగు గోడమీదుగా పాకుతుంది, ముఖమూ కనబడుతుంది.

గోడలో కోతే కావాలంటే అడుగుభాగం పాస్టరుగారి తలకు రెండడుగులైనా పైన ఉండాలి. 9 అంగుళాల గోడలో 4 అంగుళాల చీలిక తీస్తే, సూర్యుడు ఆకాశంలో 25 డిగ్రీల ఎత్తుకు ఎక్కేసరికి అడ్డకొమ్ములోంచి కిరణం లోపలికి రాదు, నేలమీద పడేది నిలువు గీతే. లోపలివైపు కింది అంచును 45 డిగ్రీల వాలుగా తీస్తే మార్చి, సెప్టెంబరుల్లో పూర్తి సిలువ పడుతుంది. నేలకు 10 అడుగుల ఎత్తులో ఉన్న కోత నుంచి 8 గంటలకు సుమారు 20 అడుగుల లోపల పడ్డ వెలుగు 9:30కి సగం దూరానికి వస్తుంది. ఆరాధన జరుగుతుండగానే అది వేదికవైపు జరగడం చూడముచ్చటే.

అడ్డకొమ్ము పైన ఇటుక నిలవదు, మూలల్లో పగుళ్లొస్తాయి. కోత చుట్టూ ఆర్‌సీసీ ఫ్రేము పోయించాలి. అక్టోబరు, నవంబరు వాన మనకు తూర్పు నుంచే కొడుతుంది కాబట్టి 8 మి.మీ. టఫెన్డ్ అద్దం బయటి అంచున బిగించి సిలికాన్ పట్టించండి. ఉప్పుగాలికి ఇనుప ఫ్రేము తుప్పు పడుతుంది, అల్యూమినియం మేలు.

గోడ లేపకముందే ఒక ఆదివారం 9 గంటలకు తూర్పు వాకిలి ఉన్న ఇంట్లో ఒకరిని గుమ్మానికి వీపు పెట్టి నిలబెట్టి, లోపలినుంచి ముఖం చూడండి.